గవరయ్య బంతి, రేగడి నాలుక

ఒకప్పుడు కుక్కకు మాటలు వచ్చేవి. నాలుక మాత్రం నోట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు నాలుక బయటికి వచ్చింది, మాటలు పోయాయి. అది ఎలా జరిగిందో చెప్పే ఈ కథ చాలా చిన్నది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది.

అయితే ముందుగా గవరయ్య దుక్కి గురించి ఒక్క మాట చెప్పుకోవాలి.

ఈతలపాలెంలో గవరయ్యలా తిన్నగా దున్నేవాడు ఇంకొకడు లేడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. గవరయ్యే ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు కాబట్టి తెలుసు. నాగలి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒకసారి వెళ్తే మట్టిలో పడే గీతను చాలు అంటారు. గవరయ్య వేసిన చాలు దారం పట్టి గీసినట్టు ఉండేది. దారిన పోయేవాళ్ళను ఆపి, గట్టు మీద కూర్చోబెట్టి మరీ ఆ చాళ్ళు చూపించేవాడు. తొందర పని మీద వెళ్ళేవాళ్ళు అటువైపు రాకుండా చుట్టు తిరిగి వెళ్ళేవారు.

పక్క చేను తవిటయ్యది. తవిటయ్య వేసిన చాలు వెంట నడిస్తే బయలుదేరిన చోటికే మళ్ళీ వస్తామని చెప్పుకునేవారు. ఎద్దుకు ఒక కన్ను సరిగా కనబడదని తవిటయ్య అనేవాడు. అప్పట్లో ఎద్దుకూ మాటలు వచ్చేవి.

"నాకు రెండు కళ్ళూ కనబడతాయి" అని ఎద్దు ఒకసారి నలుగురిలో అంది. తర్వాత గడ్డి వేసేది తవిటయ్యే అని గుర్తొచ్చి ఊరుకుంది.

చాలు అనే మాటకు ఇంకో అర్థం ఉంది. అది అందరికీ తెలిసిందే. అన్నం వడ్డించేటప్పుడు కడుపు నిండినవాళ్ళు అనే మాట. గవరయ్యకు ఆ అర్థం అలవాటు లేదు. ఆయన ఎప్పుడూ ఆ మాట అన్న పాపాన పోలేదు. గరిటె కుండ అడుగున గీసుకున్న చప్పుడు వినబడితే లేచి చెయ్యి కడుక్కునేవాడు. భార్య సన్యాసమ్మ ఆ కుండలోకి ఒకసారి చూసి, తనకోసం మళ్ళీ అంబలి కాచుకునేది. ఆమె ఎక్కువ మాట్లాడదని ఊళ్ళో అనుకునేవారు. గవరయ్య పక్కన ఉంటే ఎవరికైనా సందు దొరకదన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఇక కథ కుక్కది కదా, కుక్క దగ్గరికి వద్దాం.

గవరయ్యకు ఆరు మేకలు ఉండేవి. వాటికి కాపలాగా గండు అనే కుక్క ఉండేది. ఒక రోజు కొండ మీదినుంచి తోడేలు దిగి మేకపిల్లను ఎత్తుకుపోయింది. గండు దాని వెంటపడింది. పొలాలు దాటింది, వాగు దాటింది, కొండ ఎక్కింది. మళ్ళీ రాలేదు.

గవరయ్య మూడు రోజులు కొండ కింద నిలబడి పిలిచాడు. నాలుగో రోజు పిలవలేదు, దుక్కికి వెళ్ళాడు. ఆ రోజు ఆయన వేసిన చాలు కొంచెం వంకర పోయింది. తవిటయ్య చూశాడు. చూసి కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తవిటయ్య నోట్లో ఒక మాట ఆగడం అదే మొదలు.

తర్వాత ఏడాది ఒక ఆడకుక్క పిల్ల వచ్చింది. వానకు తడిసిన నల్లమట్టిలా ఉంది కాబట్టి రేగడి అని పేరు పెట్టారు. అది పెరిగి పరుగు నేర్చినప్పుడు గవరయ్య సన్యాసమ్మతో అన్నాడు.

"పోవడం ఏ కుక్కకైనా వచ్చు. దీనికి తిరిగి రావడం నేర్పుతాను."

ఆయన అంత చిన్న మాటతో ఆపడం చూసి సన్యాసమ్మ చేస్తున్న పని వదిలి తలెత్తింది.

ఏదైనా ఒకటి విసరాలి, కుక్క వెళ్ళాలి, నోట కరుచుకోవాలి, వెనక్కి తేవాలి. ఇదీ గవరయ్య ఆలోచన. అంతకుముందు ఈ పని ఎవరూ చేయలేదు కాబట్టి ఎలా చేయాలో చెప్పేవాళ్ళు లేరు. ఒక్క రేగడి తప్ప.

మొదట పొన్నకాయ విసిరాడు. గుండ్రంగా, నున్నగా, గోళీకంటే కొంచెం పెద్దగా ఉంటుంది. రేగడి ఉరికి వెళ్ళి నోట పట్టింది. అది జారి గొంతులోకి పోయి కూర్చుంది. రేగడి కళ్ళు పైకి తేలాయి. సన్యాసమ్మ చీపురు అవతల పడేసి వచ్చి, దాని దవడ విడదీసి, వేలు పెట్టి కాయను బయటికి లాగింది.

రేగడి చాలాసేపు దగ్గింది. తర్వాత అంది, "అయ్యా, ఇది నోట్లో పట్టే కాయ కాదు. గొంతులో పట్టే కాయ."

రెండో రోజు కర్ర విసిరాడు. కర్ర ఒక కొస నేలలో దిగబడింది, రెండో కొస పరుగెత్తుకొచ్చిన రేగడి అంగిట్లో గుచ్చుకుంది.

"అయ్యా, కర్ర పొయ్యిలోకి బాగుంటుంది" అంది రేగడి, నెత్తురు మింగుతూ.

అప్పుడు సన్యాసమ్మ పాత గుడ్డ పీలికలు గట్టిగా చుట్టి ఒక బంతి చేసింది. పైన ముతక గుడ్డ వేసి, దారం కొస ఎక్కడా పైకి రాకుండా కుట్టింది. మారేడుకాయంత అయ్యాక రేగడి నోటికి కొలత చూసింది. పళ్ళ మధ్య ఇముడుతుంది, గొంతులోకి దిగదు.

"ఇది బాగుందమ్మా" అంది రేగడి.

గవరయ్య ఆ బంతిని పిట్టలను తోలే వడిసెల రాయిలా ఆకాశంలోకి విసిరాడు. రేగడి ఎగిరింది. గాలిలోనే ఒళ్ళు మెలితిప్పి, వెనక కాలు ఒక్కటి ఆనించి దిగింది. రెండు రోజులు ఆ కాలు ఎత్తి నడిచింది.

నేల ఊరుకోలేదు. "గవరయ్యా, పైనుంచి పడేవాళ్ళను నేను మెత్తగా పట్టుకోలేను. నాకు చేతులు లేవు" అంది.

గవరయ్య అందరి మాటా కొట్టేసేవాడే కానీ నేల మాట మాత్రం వినేవాడు. బంతిని కిందుగా దొర్లించడం మొదలుపెట్టాడు. దొర్లించడానికి తిన్నని, మెత్తని దారి కావాలి. ఆయన చేలో కావలసినన్ని ఉన్నాయి. బంతి చాలు వెంట తిన్నగా పోయేది. రేగడి దాని వెనక తిన్నగా పోయేది, తిన్నగా వచ్చేది. మెలికలు లేవు, గెంతులు లేవు. బంతి ఆగేదాకా రేగడి మెడ పట్టుకుని, ఆగాక "పో" అనేవాడు.

తెచ్చిన బంతిని మొదట్లో రేగడి ఇచ్చేది కాదు. గవరయ్య ఒక పక్క, కుక్క ఒక పక్క పట్టుకుని లాగేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు అది చూడటానికి మాత్రం చుట్టు తిరగకుండా వచ్చేవారు.

"లాక్కుంటే ఎవరిస్తారయ్యా? నీ గిన్నె లాగితే నువ్విస్తావా?" అని సన్యాసమ్మ అడిగింది.

గవరయ్య కాసేపు ఆలోచించి, "ఇవ్వను" అని ఒప్పుకున్నాడు.

ఆ రోజునుంచి చోడి రొట్టె ముక్క అరచేతిలో పెట్టి "వదులు" అనేవాడు. రేగడి బంతి వదిలి రొట్టె తీసుకునేది. కొన్నాళ్ళకు ఆ మాట వింటే చాలా మర్యాదగా నోరు తెరిచేది.

పొద్దున్నే చల్లవేళ ఇద్దరూ చేనికి వెళ్ళేవాళ్ళు. ముందు గట్టు చుట్టూ నెమ్మదిగా నడిచేవాళ్ళు. ఒళ్ళు వదులయ్యాక గవరయ్య "మొదటి చాలు" అని బంతి వేసేవాడు. తర్వాత "రెండో చాలు" అని పక్క గీతలో వేసేవాడు. అలా నాలుగో, అయిదో అయ్యేసరికి రేగడి బంతి కింద పెట్టి చెప్పేది.

"అయ్యా, కాళ్ళు లాగుతున్నాయి. మిగతాది రేపు చూద్దాం."

గవరయ్య బంతి తుండుగుడ్డలో మూటగట్టి భుజాన వేసుకునేవాడు. రేగడి నుయ్యి దగ్గర తొట్టిలో నీళ్ళు తాగేది. ఇద్దరూ ఇంటికి వచ్చేవాళ్ళు. మాట వచ్చిన కుక్కతో అదీ సుఖం. ఎప్పుడు ఆపాలో అదే చెప్పేది.

ఎండలు ముదిరే నాటికి తోడేలు మళ్ళీ వచ్చింది. రేగడి దాన్ని తరుముతూ వాగు దాటింది. సన్యాసమ్మ దొడ్డి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. గవరయ్య వాగు ఒడ్డుదాకా పరుగెత్తి ఒక్కసారి పిలిచాడు.

"రేగడీ, రా."

కొండ మొదట్లో ఒక నల్లని చుక్క ఆగింది. వెనక్కి తిరిగింది.

అది వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాక గవరయ్య దాన్ని ఇంటికి తోలుకొచ్చి, లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. అంతకు కాసేపటి ముందే కడుక్కున్నాడు. సన్యాసమ్మ ఆ సంగతి గుర్తు చేయలేదు.

కథ ఇక్కడ ఆగిపోతే అందరికీ బాగుండేది. కానీ గవరయ్య ఊళ్ళోకి వెళ్ళాడు.

"పిలిస్తే కొండ అంచునుంచి వెనక్కి వచ్చింది" అని చెప్పాడు. రెండో ఇంట్లో "కొండ మధ్యలోనుంచి" అన్నాడు. మాట తవిటయ్య వాకిట్లోకి వచ్చేసరికి కుక్క కొండ అవతలి ఊరినుంచి వచ్చేసింది.

"ఎవరు చూశారన్నా?" అని అడిగాడు తవిటయ్య, పళ్ళు తోముకుంటూ.

"నేను చూశాను."

"నీ చాళ్ళను కూడా ఎక్కువసార్లు చూసేది నువ్వే కదా."

గవరయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "అయితే రేపు పొద్దున నా చేలోకి రా. ఊరంతా రండి. ఎలా పోతుందో, ఎలా వస్తుందో మీ కళ్ళతో చూడండి" అన్నాడు.

మర్నాడు గవరయ్య కోడి కూయకముందే లేచాడు. ఊరు లేవలేదు. ఒకరికి పాలు పితకాలి, ఒకరికి దూడ తప్పిపోయింది. తవిటయ్య తలకు నూనె రాసుకోవడం మొదలుపెడితే ఎద్దుకు రెండు మేతలు అయ్యేవి. అందరూ చేనికి చేరి గట్టు మీద కూర్చునే వేళకు పొద్దు నడినెత్తికి వచ్చింది. అది ఎండాకాలం. మట్టి పెంకులా కాలుతోంది.

"పొద్దెక్కిందయ్యా. రేపు పెట్టుకో" అంది సన్యాసమ్మ, ఇంటినుంచి బయలుదేరేటప్పుడే.

"వస్తున్నవాళ్ళను పొమ్మంటానా?"

"కుక్కనైనా ఒకసారి అడుగు."

"దాన్ని అడిగేదేముంది? చూడు, తోక ఎలా ఆడుతోందో."

నిజమే, తోక ఆడుతోంది. బంతి కనబడితే రేగడికి ఎండా వానా గుర్తుండవు. తన ఒళ్ళు కూడా గుర్తుండదు. అది కుక్కల గుణం. దాన్ని చూసుకోవలసింది ఇంకొకరు.

చేలో నిలబడి గవరయ్య తలెత్తి సూర్యుణ్ణి అడిగాడు. "కాసేపు ఆ మబ్బు చాటుకు వెళ్ళకూడదా?"

"ఆగడం నాకు చేతకాదు. నీకు చేతనవును" అన్నాడు సూర్యుడు.

గవరయ్య వినిపించుకోలేదు. గట్టు చుట్టూ నడక కూడా మానేశాడు. జనం కూర్చుని ఉండగా నడుస్తూ కూర్చుంటే ఏం బాగుంటుంది? "మొదటి చాలు" అని బంతి వేశాడు.

రేగడి వెళ్ళింది, వచ్చింది. గట్టు మీద మాటలు ఆగాయి. రెండోది, మూడోది. గవరయ్య "వదులు" అంటే వదిలింది. అయిదోదానికి తవిటయ్య కూడా నోరు తెరుచుకుని చూశాడు. అక్కడితో ఆపి ఇంటికి వెళ్ళవలసింది. కానీ ఎవరో "ఇంకోటి వెయ్యి, సరిగా చూడలేదు" అన్నారు. రెండు కళ్ళూ పెట్టుకుని ఇంతసేపూ ఏం చూశారో వాళ్ళకే తెలియాలి.

ఆరోది వేశాడు. ఏడోది వేశాడు.

ఎనిమిదోసారి రేగడి నడిచి వచ్చింది. డొక్కలు ఎగసిపడుతున్నాయి. నోరు బంతి చుట్టూ బిగుసుకుని ఉంది. రోజూ అయితే కాళ్ళు లాగుతున్నాయని, రేపు చూద్దామని వివరంగా చెప్పేది. ఇవాళ అంత మాటకు ఊపిరి లేదు. ఒక్క మాటకు ఉంది. బంతి కింద పెట్టి ఆ ఒక్క మాట అంది.

"చాలు."

గవరయ్య గట్టువైపు తిరిగాడు. "విన్నావా తవిటయ్యా? ఇంకో చాలు కావాలంటోంది."

గట్టు మీద ఉన్నవాళ్ళందరూ దున్నేవాళ్ళే. అందరికీ ఆ మాట అలాగే వినిపించింది. "అడిగినప్పుడు వెయ్యాలి మరి" అన్నారు.

తొమ్మిదోది వేశాడు. రేగడి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. బంతి కింద పెట్టి ఈసారి రెండు మాటలు అంది.

"చాలు, అయ్యా."

"అయ్యా అని కూడా అడుగుతోంది. మన పిల్లలు అడుగుతారా అలాగ?" అన్నాడు తవిటయ్య.

అప్పుడే సన్యాసమ్మ అంబలి కుండతో గట్టు ఎక్కింది. కోతలప్పుడు పదిమంది కూలీలకు వడ్డించే మనిషి ఆమె. ఆ మాట ఏ గొంతుతో అంటే ఏ అర్థమో ఆమెకు తెలుసు.

"ఏమయ్యా, అది చాలంటోంది" అని కేకేసింది.

"అవును వదినా, అదే వేస్తున్నాడు" అన్నాడు తవిటయ్య.

"చాలంటోందయ్యా."

"వేస్తున్నాను కదే" అని గవరయ్య పదో చాలులోకి బంతి దొర్లించాడు.

సన్యాసమ్మ కుండ కింద పెట్టి చేలోకి దిగింది. అప్పటికే రేగడి సగం దూరం పోయింది. బంతి అందుకుంది. ఇటు తిరిగింది. నాలుగు బారలు వచ్చి, చాలు మధ్యలో పడిపోయింది.

బంతి నోట్లోనే ఉంది. తిరిగి రావడం నేర్పారు కదా. పక్కకు ఒరిగి పడుకుని కూడా దాని కాళ్ళు గవరయ్యవైపే కదులుతున్నాయి.

గవరయ్య పరుగెత్తడం ఊరు అంతకుముందు పెద్దగా చూడలేదు. చాళ్ళు అడ్డంగా తొక్కుకుంటూ, మట్టి పెళ్ళలు చితక్కొట్టుకుంటూ పరుగెత్తాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన వెళ్ళి చెయ్యి వేస్తే కుక్క ఒళ్ళు గింజలు వేయించే పెనంలా ఉంది.

"అడిగిందనే కదా వేశాను" అన్నాడు సన్యాసమ్మతో.

"దుక్కి చాలు కాదయ్యా. ఇంక వద్దని. అన్నం దగ్గర అందరూ అంటారే, ఆ చాలు."

గవరయ్యకు గండు గుర్తొచ్చింది. గండు కొండలో పోయింది. అది తోడేలు పని. ఇది పొలం మధ్యలో, ఊరంతా చూస్తుండగా, తన చేతి పని.

ఇద్దరూ కుక్కను ఎత్తి నుయ్యి పక్కన తుమ్మచెట్టు నీడకు తెచ్చారు. నేల అంది, "తొట్టి పారే చోట నా ఒళ్ళు తడిగా ఉంది. అక్కడ పడుకోబెట్టు." అక్కడే పడుకోబెట్టారు. సన్యాసమ్మ తుండుగుడ్డ తడిపి పొట్ట మీద, పాదాల మీద అద్దింది. తవిటయ్య చేద నిండా నీళ్ళు తోడి పరుగున తెచ్చాడు. దాని నోట్లో పోయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నోట్లో వద్దు తవిటయ్యా. ఊపిరి అందనిదానికి నీళ్ళు పోస్తే గొంతుకు అడ్డం పడతాయి. ఒంటి మీద పొయ్యి."

తవిటయ్య ఒంటి మీద పోశాడు. మళ్ళీ తోడాడు, మళ్ళీ పోశాడు. ఆ రోజు ఆయన చేసినంత పని అంతకుముందు ఏడాది మొత్తంలో చేసి ఉండడు.

పైన చల్లబడింది. లోపల చల్లబడలేదు. గవరయ్య లేచి నాలుగు దిక్కులా తిరిగి గాలిని పిలిచాడు.

గాలి వచ్చింది. రేగడి ముఖం చుట్టూ ఒకసారి తిరిగింది.

"వేడి లోపలుంది. నేను లోపలికి వెళ్ళాలి. తలుపు వేసి ఉంది" అంది.

"ఏ తలుపు?"

"నోరు. నోటికి బంతి అడ్డం. బంతి వెనక నాలుక అడ్డం. నాలుక మీద మాటలు కూర్చుని ఉన్నాయి. నీతో చెప్పాలని ఇంకా ప్రయత్నం చేస్తూనే ఉన్నాయి."

గవరయ్య కుక్క పక్కన కూర్చుని దాని నోటివైపు చూశాడు.

"నాలుక బయటికి వస్తే నాకు దారి దొరుకుతుంది" అంది గాలి. "బయట వేలాడే నాలుకతో మాట్లాడటం కుదరదు. మాటలు నేను తీసుకుపోవాలి."

"మళ్ళీ ఇస్తావా?"

"ఒళ్ళు చల్లబడ్డాక కావాలంటే ఇస్తాను. తీసుకునేటప్పుడు నాలుక లోపల పెట్టుకోవాలి. వేడెక్కితే మళ్ళీ ఇదే అవస్థ."

"దాని మాటలు ఎందుకు? నావి తీసుకో. అన్నీ తీసుకో" అన్నాడు గవరయ్య.

ఆ మాటకు తవిటయ్య ఒక్క క్షణం తలెత్తి చూశాడు. వెంటనే సిగ్గుపడి దించుకున్నాడు.

"నీకు ఊపిరి ఆడుతోంది కదా. నీ మాటలు నేనేం చేసుకోను?" అంది గాలి. "త్వరగా చెప్పు."

సన్యాసమ్మ బంతి లాగి చూసింది. రాలేదు. దవడ రాయిలా ఉంది. తన అయ్యకు తప్ప ఇంకెవరికీ రేగడి దాన్ని విడవదు. అలాగే నేర్పారు.

గవరయ్య కుక్క ముఖం దగ్గరికి ముఖం పెట్టాడు. రొట్టె ముక్క కోసం నడుము తడిమాడు. లేదు. ఉత్త అరచెయ్యే చాపాడు. ఆ మాట అంటే బంతి ఒక్కటే పోదని ఆయనకు తెలుసు. పొద్దున్నే గట్టు మీద నడుస్తూ అది చెప్పే కబుర్లు పోతాయి. అయ్యా అనే పిలుపు పోతుంది.

"వదులు" అన్నాడు.

రేగడి ఒక కన్ను తెరిచింది. ఖాళీ అరచేతిని చూసింది. వదిలింది.

బంతి దొర్లి పోయింది. దవడ తెరుచుకుంది. నాలుక బయటికి జారింది, ఎర్రగా, తడిగా, పొడుగ్గా. అంత నాలుక లోపల ఇన్నాళ్ళూ ఎలా ఇమిడిందో అని అందరూ చూశారు. గాలి దాని మీదుగా లోపలికి వెళ్ళింది, వేడి పట్టుకుని బయటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. హా, హా, హా అని చప్పుడు. ఆ చప్పుడు ఆగుతుందేమోనని అందరూ వింటూ నిలబడ్డారు.

ఆగలేదు.

పొద్దు వాలేసరికి రేగడి లేచి కూర్చుంది. కొంచెం నీళ్ళు నాకింది. నాలుక లోపలికి వెళ్ళింది.

గాలి మళ్ళీ వచ్చింది. మాటలన్నీ జాగ్రత్తగా తెచ్చింది. "ఇవిగో. ఒక్కటీ పోలేదు. తీసుకో" అని రేగడి ముందు పెట్టింది.

"తీసుకో తల్లీ" అన్నాడు గవరయ్య. "తీసుకుని ముందు నన్ను నాలుగు తిట్టు. తర్వాత ఏమైనా చెప్పు. ఎండలో నిన్ను అడుగు పెట్టనివ్వను."

రేగడి ఆ మాటలను వాసన చూసింది. ఒక్కొక్కటే చూసింది. తర్వాత ముఖం తిప్పుకుని, గవరయ్య పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది.

గాలి చాలాసేపు ఆగింది. మర్నాడు పొద్దున్న వచ్చింది. ఆ మర్నాడు కూడా వచ్చింది. రెండుసార్లూ రేగడి వాసన చూసింది, తోక ఆడించింది, తీసుకోలేదు. మూడో రోజు గాలి వాటిని ఎత్తుకుని కొండ మీదుగా వెళ్ళిపోయింది.

కుక్కకు కోపం వచ్చిందని తవిటయ్య అన్నాడు. కోపం వస్తే పాదం మీద గడ్డం ఎందుకు పెడుతుందో ఆయన చెప్పలేదు. ఎండ దెబ్బకు మతి పోయిందని ఇంకొకరు అన్నారు. వాళ్ళ మతి సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. సన్యాసమ్మను అడిగితే, "ఉన్నప్పుడు విన్నారా?" అని లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించుకుంది.

ఊళ్ళో మిగతా కుక్కలు ఒక్కొక్కటే వచ్చి రేగడిని వాసన చూసి వెళ్ళాయి. ఆ ఎండలు ముగిసేలోపు అవి కూడా తమ మాటలు గాలికి ఇచ్చేశాయి. ఏ ఒక్కటీ తిరిగి అడగలేదు.

గవరయ్య మాత్రం మారాడు. చల్లవేళ తప్ప బంతి పట్టలేదు. ఒకసారి దొర్లించి, కుక్క వచ్చాక దాని ఎదుట గొంతుక్కూర్చుని నాలుక చూసేవాడు. నాలుక పొడుగై, కొస వెడల్పై కనబడితే బంతి మూట కట్టేవాడు. అలా చూసేటప్పుడు ఏమీ మాట్లాడేవాడు కాదు. ఈతలపాలెంలో పొద్దున పూట అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదని జనం చెప్పుకున్నారు.

అప్పటినుంచే కుక్క ఒళ్ళు వేడెక్కితే నాలుక బయట వేలాడేసి రొప్పుతుంది. బంతి వేసినంతసేపూ పరుగెత్తుతుంది. ఆపమని మాత్రం అనదు.